ట్రాక్ డే కోసం కారు బ్రేకుల్లో ముందు ఏం మార్చాలి?

ట్రాక్ డే అంటే మన సొంత కారుని రేసు సర్క్యూట్ మీద నడిపే రోజు. అలా అప్పుడప్పుడు ట్రాక్ మీదికి తీసుకెళ్లే మామూలు కారుకి ముందు మార్చాల్సింది బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకి చేర్చే ద్రవం), ప్యాడ్లు (డిస్కుని నొక్కి పట్టే ముక్కలు). పెద్ద డిస్కులు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేలు) కాదు.

అక్కడ బ్రేకుల్ని దెబ్బతీసేది వేడి. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ఉదాహరణకి 160 కి.మీ. వేగం నుంచి 80కి తగ్గిస్తే, 80 నుంచి పూర్తిగా ఆపినప్పటికన్నా మూడు రెట్ల వేడి పుడుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి సర్క్యూట్‌లో ప్రతి ల్యాప్‌లోనూ గట్టిగా బ్రేకు వేయాలి, చల్లారే వ్యవధి ఉండదు. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా దిగిపోతుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక గ్రేడు) ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పాతది తీసేసి కొత్తది పోయించండి. (డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికోన్ రకం, డాట్ 4తో కలవదు.) ప్యాడ్లు అతిగా వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగదు. అందుకే ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించండి. అలాగని పూర్తి రేసింగ్ ప్యాడ్లూ వద్దు. చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు, ఊళ్లో నడపడానికి ప్రమాదం.

పెద్ద డిస్కులతో కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది నమ్మకం. కానీ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేసేంత బలమున్న బ్రేకులు టైర్ల పట్టునంతా ఇప్పటికే వాడుకుంటున్నాయి. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని భరిస్తుంది, అంతే.