దసరాకి పిల్లల్ని తెస్తున్నావుగా, ఇది చదివి రా

అమ్మాయ్, పాములుంటాయని మీ వాడు ఊరికి రానని మొండికేస్తున్నాడట, మీ అమ్మ చెప్పింది. "పాముల్లేవురా" అని మాత్రం బుజ్జగించకు, దివిసీమలో ఆ మాట చెల్లదు, 2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఎక్కువైపోయి మోపిదేవి గుళ్ళో ఏకంగా సర్పశాంతి యాగమే చేయించారు. వాణ్ణి భయపడనీ, కాకపోతే భయపడాల్సినదానికి భయపడాలి.

చిన్నప్పుడు మేమైనా మీరైనా విన్నవేంటి? రాత్రి ఈల వేస్తే పాము వస్తుంది, దెబ్బ తిన్న తాచు పగబడుతుంది, పసిరిక పాము కళ్ళు పొడుస్తుంది. ఒక్కటీ నిజం కాదు. జెర్రిపోతైతే పాపం ఎలకల్ని తిని బతికేది, దాన్ని కూడా కర్రలేసుకుని తరుముతారు. కట్లపాము గురించి మాత్రం ఎవరూ కథలు చెప్పరు. అది రాత్రిళ్ళు తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్ళ పక్కల్లోకి దూరుతుంది, కరిచినా పెద్దగా నొప్పుండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు, తెల్లారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మనమేమో అజీర్తి అనుకుని వాము నమలమంటాం.

అందుకే పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టకు, మంచాలేస్తా, దోమతెర అంచులు పరుపు కిందకి దోపు, రాత్రి దొడ్లోకి వెళ్తే టార్చి ఉండాల్సిందే. కరిచిందని డౌటొచ్చినా సరే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, పసరు మందు ఇవేవీ వద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యి. తాచుకీ కట్లపాముకీ రక్తపింజరకీ చిన్నపింజరకీ అన్నిటికీ ఒకటే యాంటీవీనం, అంటే విషానికి విరుగుడు మందు, కాబట్టి పాముని చంపి సంచిలో వేసుకెళ్ళక్కర్లేదు (ఇక్కడ ఇంకా తీసుకెళ్తారు, ఆ హడావిడిలో టైమంతా పోతుంది).

ఉరుములొస్తే అర్జునా ఫల్గుణా అనుకోమను, తప్పులేదు, ఇంట్లోకొచ్చి అనుకోమను. వాన తగ్గేదాకా చెట్టు కింద నిలబడదాం అనుకున్నవాళ్ళ మీదే ఏటా పిడుగులు పడుతుంటాయి.

ఇక కాలవ. మీ అమ్మాయి జలగలకి భయపడుతోందట, జలగ పడితే ఓ నాలుగు చుక్కల నెత్తురు, అంతే. మెట్లు మాత్రం పాచి పట్టి జారుతున్నాయి, నీళ్ళు వదిలారంటే ఊపు గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళెవరూ లేకుండా ఒక్క మెట్టు కూడా దిగనివ్వకు.

దోమతెరలు ఉతికి పెట్టా, టార్చి మీరే తెచ్చుకోండి, ఇక్కడిది చెడిపోయింది.

పెద్దమ్మ