మెలికపడ్డ చీలమండ, మెట్లెక్కే మోకాలు

ఆటల్లో, నడకలో దెబ్బ తగిలించుకున్న పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్టుల జవాబులు

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. నాలుగు రోజుల కిందట కబడ్డీలో కూతకెళ్లి గిరుక్కున వెనక్కి తిరగబోతే కుడిపాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు వాచి కమిలిపోయింది. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోమని అవ్వ పోరుతోంది. వేడినూనెతో గట్టిగా రుద్దిస్తే చాలని జట్టువాళ్లు అంటున్నారు. ఏం చేయాలి? మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?
- డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ముందు ఎముక విరిగిందో లేదో తేలాలి, కట్టు సంగతి ఆ తర్వాత. చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముక గుబ్బల వెనక అంచును కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కి చూడండి. పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే గుబ్బనూ, లోపలివైపు వంపు పైన ఉండే ఎముకనూ అలాగే నొక్కండి. ఎక్కడైనా సరిగ్గా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాల్సిందే. దెబ్బ తగిలినప్పుడూ, ఇప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోతే అప్పుడూ అంతే. నొప్పంతా గుబ్బకు ముందూ కిందా మెత్తటిచోటే ఉంటే, చాలావరకు అది లిగమెంటు (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) సాగడమో చిరగడమో అయ్యుంటుంది.

పుత్తూరు కట్టుకు ఎంత పేరుందో మాకు తెలుసు, అవ్వ ఆరాటమూ అర్థమవుతుంది. కానీ ఎక్స్‌రే చూడకుండా ఏ కట్టూ వద్దు. మామూలు బెణుకే అయితే వారాల తరబడి కదలకుండా బిగించడం వల్ల కీలు బిగుసుకుపోతుంది, పిక్క సన్నబడుతుంది. ఎవరు కట్టిన కట్టయినా సరే, వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, కదిపినప్పుడు నొప్పి అంతకంతకూ పెరిగినా వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్లండి. ఇక నూనె మర్దన, కాపడం ఈ వారం అసలే వద్దు. చిరిగినచోట సన్నటి రక్తనాళాలు ఇంకా మానలేదు. రుద్దితే మళ్లీ రక్తం కారి వాపు పెరుగుతుంది.

వాపు తగ్గేదాకా క్రేప్ బ్యాండేజీ చుట్టండి. వేళ్ల దగ్గర కాస్త బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిళ్లు పెట్టండి. నొప్పికి ఐసు కావాలంటే గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు చాలు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవండి, మంచం పట్టొద్దు.

వారం దాటాక అసలు పని మొదలవుతుంది. గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు ఉంచి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించండి. మంచికాలు ఎంత దూరం నుంచి తాకించగలదో ఇదీ అంత దూరం చేరాలి. ఎలాస్టిక్ బ్యాండుతో పాదాన్ని బయటికి తిప్పడం 15 చొప్పున మూడు విడతలు చేయండి. మునివేళ్లపై లేవడం మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒక్క కాలితో 20 దాకా. ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడటం ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి, ఆపైన మడతపెట్టిన దుప్పటి మీద. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నాడుల కొసలు లిగమెంటులోనే ఉంటాయి. అది చిరిగితే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది, పాదం మడతపడే క్షణంలో బయటివైపు కండరాలు సమయానికి పట్టుకోలేవు. వాపు పోయిందని రెండో వారంలోనే బరిలోకి దిగినవాళ్లకు అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడేది ఇందుకే.

చిన్న బెణుకైతే రెండు మూడు వారాలు, మధ్యరకమైతే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్యాలెండరు కంటే కాలు ముఖ్యం. ఒంటికాలితో పక్కలకు గెంతడం, ఎనిమిది అంకె ఆకారంలో పరుగు, చటుక్కున ఆగి తిరగడం ఇవన్నీ నొప్పి లేకుండా వచ్చాకే ఆడండి. ఆ తర్వాత కూడా ఆరు నెలలపాటు ఆటలో చీలమండకు బ్రేసు వేసుకోండి.

ప్రశ్న: నెలకోసారి అలిపిరి నుంచి కొండకు నడుస్తాను. వయసు 44. ఈమధ్య దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు మోకాలిచిప్ప చుట్టూ నొప్పి. మెట్లు మానేయమంటున్నారు. మానక తప్పదా?
- గృహిణి, తిరుపతి

జవాబు: మానక్కర్లేదమ్మా. నెలంతా ఏ కసరత్తూ లేకుండా ఒక్కరోజే 3,550 మెట్లు ఎక్కితే తొడ కండరం అలసిపోతుంది, ఆ భారం మోకాలిచిప్ప మీద పడుతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి మూడు నెలలపాటు కొండ దిగడం బస్సులోనే. మోకాళ్లమిట్ట దగ్గర మోకాళ్లతో ఎక్కే మొక్కు ఉంటే దాన్నీ ఆ తర్వాతకు వాయిదా వేసుకోండి.

వారానికి మూడు రోజులు ఇంట్లో ఇవి చేయండి. 10 సెంటీమీటర్ల పీట మీద నిలబడి ఒక కాలిని మెల్లగా మూడు అంకెలు లెక్కపెడుతూ నేలకు దించి, మళ్లీ పైకి తీసుకోండి. అద్దంలో చూసుకుంటే మోకాలు లోపలికి వాలకూడదు. కాలికి 10 చొప్పున మూడు విడతలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, పక్కకు పడుకుని పైకాలు లేపడం కూడా. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు లోపు ఉండి, మరుసటి ఉదయానికి మామూలైతే సరే. అంతకు మించితే పీట ఎత్తు తగ్గించండి. ఫలితం కనబడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో వారానికి రెండుసార్లు మీ మేడమెట్లు ఎక్కడం అలవాటు చేసుకోండి. దూరం తక్కువని శ్రీవారిమెట్టుకు మారొద్దు, అక్కడ వాలు నిటారు. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కున్నట్టు ఆగిపోయినా, ఉన్నట్టుండి జారిపోయినా ఎముకల డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మోకాలి లోపలి లిగమెంటుకు (ఏసీఎల్) ఆపరేషనై ఐదు నెలలు. నొప్పి అస్సలు లేదు. సంక్రాంతి వాలీబాల్ టోర్నమెంటులో ఆడనా?
- పలమనేరు పాఠకుడు

జవాబు: వద్దు. తెగినదాని బదులు మోకాలిలో పెట్టిన గ్రాఫ్టు (అతుకు ముక్క) పూర్తి లిగమెంటుగా మారడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. నొప్పి లేనంత మాత్రాన అది గట్టిపడినట్టు కాదు. తొమ్మిది నెలల లోపు ఆటకు దిగినవాళ్లలో మళ్లీ తెగేది ఎక్కువ. తొమ్మిది నిండాక కూడా తొడ ముందు కండరం బలం మంచికాలిలో 90 శాతం ఉండాలి. అటు 40 కిలోలు లేపితే ఇటు 36 లేవాలి. ఒంటికాలి గెంతు దూరమూ అంతే. ఒక్క గెంతునే నమ్మొద్దు, తొడ బలహీనంగా ఉన్నా తుంటి, పిక్క కలిసి గెంతించేస్తాయి. బలాన్ని విడిగా కొలిపించుకోండి. దూకి దిగేటప్పుడు ఎదురు నుంచి ఫోన్లో వీడియో తీయించి, మోకాలు లోపలికి పడుతోందేమో మీ ఫిజియోకు చూపించండి. అప్పటిదాకా ఎగరకుండా నిలబడి సర్వీసు, పాసులు సాధన చేయొచ్చు.

ప్రశ్న: మ్యాచికి ముందు నొప్పిమాత్ర వేసుకుని ఆడొచ్చా?
- శ్రీకాళహస్తి క్రికెటరు

జవాబు: ఆడొద్దు. ఎక్కడ ఆపాలో చెప్పే నొప్పిని మాత్ర నొక్కేస్తుంది, దెబ్బ పెద్దదయ్యాక గానీ తెలియదు. పైగా మన ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. మాత్ర లేకుండా ఆడలేని స్థితిలో ఉంటే ఆ మ్యాచి వదిలేసి, ఎక్కడ నొప్పో, ఏం చేస్తే పెరుగుతోందో రాసి పంపండి.