విజువల్ కంప్యూటింగ్ ఎమ్మెస్‌కు ముందు కెమెరా లెక్కలు పట్టుకోండి, మోడళ్ల సంగతి తర్వాత

హన్మకొండలో బీటెక్ ముగించి విజువల్ కంప్యూటింగ్‌లో ఎమ్మెస్‌కు వెళ్లాలనుకుంటున్నారు. పైథాన్, డీప్ లెర్నింగ్ వస్తే చాలా అని మీ ప్రశ్న. చాలదు. జర్మనీలోని సార్లాండ్ యూనివర్సిటీ లాంటి చోట ఇమేజ్ ప్రాసెసింగ్, విజన్, గ్రాఫిక్స్ మూడూ చదవాలి. మనవాళ్లు తడబడేది కోడింగ్‌లో కాదు, జామెట్రీలో. రొటేషన్ మ్యాట్రిక్స్ (తిప్పడాన్ని అంకెల్లో చెప్పేది), ఎస్వీడీ (ఒక మ్యాట్రిక్స్‌ను మూడు సులువైన మ్యాట్రిక్స్‌లుగా విడగొట్టడం), లీస్ట్ స్క్వేర్స్ (మొత్తం తప్పు అతి తక్కువగా ఉండే జవాబు వెతకడం) కాగితం మీద చేయగలగాలి.

వెళ్లేలోపు ఒక పని చేయండి: మీ ఫోన్ కెమెరాను కాలిబ్రేట్ చేయండి, అంటే దాని ఫోకల్ లెంగ్త్, లెన్సు వంపులను ఫొటోల నుంచే లెక్కగట్టండి. 9×6 లోపలి మూలలుండే చెస్‌బోర్డు ప్రింటు తీసి అద్దం ముక్కకు అతికించండి. అట్టయితే వంగుతుంది, ఆ వంపు పోయి లెన్సు డిస్టార్షన్ (లెన్సు గీతలను వంచే తీరు) లెక్కలో కలుస్తుంది. ఫోన్లో ఫోకస్ లాక్ చేసి, బోర్డును 30–45 డిగ్రీలు వాలుస్తూ, ఫ్రేము మూలల దాకా జరుపుతూ 20 ఫొటోలు తీసి, ఉచిత విజన్ లైబ్రరీ ఓపెన్‌సీవీకి ఇవ్వండి. అన్నీ ఎదురుగానే తీస్తే రీప్రొజెక్షన్ ఎర్రర్ (లెక్క చెప్పిన మూలకూ ఫొటోలో కనబడిన మూలకూ మధ్య తేడా) అర పిక్సెల్ లోపే రావచ్చు, ఫోకల్ లెంగ్త్ మాత్రం తప్పుతుంది. చాలామంది ఆ చిన్న అంకె చూసి అక్కడే ఆగిపోతారు.

తర్వాత పాలంపేట రామప్ప గుడికి వెళ్లి ఒక్క స్తంభానికి ఫొటోల నుంచి త్రీడీ మోడల్ చేయండి. నున్నటి నల్లరాయి కాబట్టి కెమెరా కదిలితే మెరుపూ కదులుతుంది. సాఫ్ట్‌వేరేమో ఒక బిందువు ఎటునుంచి చూసినా ఒకే రంగులో ఉంటుందనుకుంటుంది. అందుకే మోడల్లో లేని గుంతలు, బుడిపెలు వస్తాయి. మబ్బు పట్టిన పొద్దున తీయండి, ఫ్లాష్ వద్దు. 10–15 డిగ్రీలకొక ఫొటో, పక్కదానితో 80 శాతం కలవాలి. మెరుపు పోవడానికి పొడి చల్లడం ల్యాబ్ పద్ధతి, గుడిలో ఆ ఆలోచనే రానీయకండి. పక్కన స్కేలు పెట్టకపోతే ఆకారం వస్తుంది గానీ అసలు కొలత రాదు.

వేయిస్తంభాల గుడిలో చిక్కు వేరు. ఒకేలా ఉన్న రెండు స్తంభాలను సాఫ్ట్‌వేర్ ఒకటే అనుకుంటుంది. ఫొటోల నుంచి త్రీడీ కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ కాల్‌మ్యాప్‌లో ప్రతి ఫొటోనూ అన్నిటితో పోల్చకుండా, తీసిన వరుసలో పోల్చే సీక్వెన్షియల్ మ్యాచింగ్ పెడితే ఈ తప్పు తగ్గుతుంది.

డబ్బులిచ్చి కొన్న మేజర్ ప్రాజెక్టు, దాని మీద 98 శాతం యాక్యురసీ అనే ముద్ర: ఈ అలవాటు మన పిల్లలకు చాలా చెడు చేస్తోంది. ఎస్‌ఓపీలో (అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో) ఆ అంకె బదులు, మీ త్రీడీ మోడల్లో గుంత ఎక్కడ పడింది, ఎందుకు పడింది అన్నది రాయండి.

గేమింగ్ ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. కాల్‌మ్యాప్‌లో కొన్ని బిందువులనే లెక్కగట్టే స్పార్స్ దశ మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఉపరితలమంతా నింపే డెన్స్ దశకే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి, దానికి గూగుల్ వారి ఆన్‌లైన్ సేవ కోలాబ్ వాడుకోవచ్చు.