ప్లాన్ రాసేముందు రేవు దాకా వెళ్ళు

చిరంజీవి అమ్మడుకి మేనత్త ఆశీస్సులు.

అమలాపురంలో నీకు జిల్లా ఆరోగ్య ప్రణాళిక రాసే పని అప్పజెప్పారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, వీధంతా స్వీట్లు పంచాడట. నాకూ గర్వంగానే ఉంది. టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని జీపు వెనక సీట్లో తిరిగిన ఏఎన్‌ఎమ్ నర్సమ్మ మేనకోడలు, ఇవాళ ఆ జీపు ఏ ఊరు వెళ్ళాలో రాసే కుర్చీలో కూర్చుంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు చదివిందంతా విశాఖపట్నంలో. గోదావరిని సెలవులకు వచ్చినప్పుడు చూశావు తప్ప, వరదలో చూడలేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతావని కాగితం మీద రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఖాళీ పోస్టుల లెక్క మొదటి పేజీలోనే రాయి, చివర అనుబంధంలో దాచకు. మందుల ఇండెంటు పోయిన ఏడాది కాగితం చూసి దించకు, ఏ నెలలో ఏది అయిపోయిందో ఫార్మసిస్టును అడుగు. ఊడ్పులు, కోతల రోజుల్లో పాముకాటు మందు ప్రతి పీహెచ్‌సీలో, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉందో లేదో నువ్వే స్వయంగా ఫ్రిజ్ తెరిచి చూడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియంది వేరే ఉంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరు, అంటే ఊరి ఆరోగ్య ఉపకేంద్రం; 30,000 మందికి ఒక పీహెచ్‌సీ. కొండ, గిరిజన ప్రాంతాలకైతే 3,000కీ, 20,000కీ. నిద్రలో లేపి అడిగినా చెబుతావు. మన కోనసీమ మైదానం లెక్కలోకే వస్తుంది. కొండలు లేవు కదా మరి! కానీ గౌతమి, వసిష్ఠ, వైనతేయ, వాటి మధ్య ఎన్ని చిన్న పాయలు, నీళ్ళ మధ్య దీవుల్లాంటి ఎన్ని లంకలు. కొండ ఎక్కేవాడికి కనీసం దారి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మా లంకలకు దారి సీజన్‌ని బట్టి మారుతుంది. ఎండాకాలం ఇసక మీద నడక, వానాకాలం పడవ, వరదొస్తే ఏదీ లేదు.

నేను కొత్తగా సూపర్‌వైజరు అయిన రోజుల్లో మా పరిధిలో ఒక సబ్‌సెంటరు కట్టారు. ఆఫీసులో మ్యాపు పరిచి, నాలుగు ఊళ్ళు కలిపి, జనాభా సరిపోయిందని, వాటికి సరిగ్గా నడిమధ్యన చుక్క పెట్టారు. ఆ చుక్క పడింది గట్టు మీద ఊళ్ళో. రోడ్డుంది, కరెంటుంది, ఒక పెద్దాయన స్థలం ఇచ్చాడు. ఎవరికీ తప్పు కనపడలేదు. లంకకీ దానికీ మధ్య మ్యాపులో అర అంగుళం కూడా లేదు. ఆ అర అంగుళంలో ఒక పాయ ఉంది.

ఏడాది తిరిగేసరికి లంకలో టీకాలు పడిపోయాయి. కాన్పులు మళ్ళీ ఇళ్ళల్లో మొదలయ్యాయి. మీటింగులో తేల్చిందేమిటంటే, లంకవాళ్ళకి అవగాహన లేదు. సదస్సు పెట్టారు, బ్యానర్లు కట్టారు, ఫొటోలు తీశారు. ఫొటోల్లో ఉన్నవాళ్ళంతా గట్టు మీద ఊరివాళ్ళే.

నేను పడవెక్కి అవతలికి వెళ్ళాను. బెండకాయలు గంపకెత్తుతున్న ఒక ముసలమ్మని అడిగాను, "సెంటరు దగ్గరే కదా మామ్మా, ఎందుకు రావట్లేదు?" అని. ఆవిడ చెయ్యి చాపి చూపించింది. "దగ్గరేనమ్మా, ఇక్కణ్ణుంచి కనపడతా ఉంటది. రాత్రి దాని లైటు మా ఇంట్లోకే పడద్ది. రావడానికే పడవ లేదు" అంది. కూరగాయల పడవ తెల్లవారకుండా వెళ్ళి, పది దాటాక వస్తుంది. మళ్ళీ సాయంత్రం ఒక్కసారి. చీకటి పడితే పడవాయన తెడ్డు ఇంటికి పట్టుకుపోతాడు. సెంటర్లో టీకాలు బుధవారం పొద్దున్న. ఆ పూట తల్లులంతా తోటల్లో, బజార్లో ఉంటారు. ఎవరైనా పిల్లని ఎత్తుకుని వచ్చినా, తిరిగి వెళ్ళాలంటే సాయంత్రం దాకా రేవులో కూర్చోవాలి.

ఆ మధ్యలోనే ఒక రాత్రి లంకలో ఒక పిల్ల కనింది, రక్తస్రావం ఆగలేదు. పడవాయన్ని లేపి తెచ్చేసరికి తెల్లారింది. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు. ఆ పిల్ల వయసు అప్పుడు నీ ఇప్పటి వయసుకన్నా తక్కువ. ఇంతకన్నా ఎక్కువ రాయలేను.

తర్వాత జరిగింది చెబితే నవ్వుతావు. కొత్త బిల్డింగు కట్టలేదు, కొత్త పోస్టు రాలేదు. టీకాలు లంకలోనే బడి అరుగు మీద, కూరగాయల పడవ వచ్చాక పదకొండింటికి మొదలుపెట్టాం. ఐసు ప్యాకులు ఫ్రీజర్లోంచి తీసి, చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడేదాకా ఆగి అప్పుడు డబ్బాలో సర్దేదాన్ని. గడ్డకట్టిన ఐసు పక్కనే పెడితే టీకా పాడవుతుంది, అది కంటికి కనపడదు. పడవాయనకి రాత్రి కబురు చేసే మనిషిని పెట్టి, రాత్రి పడవ ఖర్చు పంచాయతీ ఇచ్చేలా సర్పంచిని ఒప్పించాం. రిజిస్టరు మళ్ళీ నిండింది. ఆ ఏడు రిపోర్టులో "అవగాహన పెరిగింది" అని రాశారు. పడవ టైము గురించి ఒక్క ముక్క లేదు.

అందుకని అమ్మడూ, నీ ప్లాన్లో కిలోమీటర్ల గడి పక్కన ఇంకో గడి గియ్యి. రాత్రి పది గంటలకి ఈ ఇంటి నుంచి ఆపరేషన్ చేసే ఆస్పత్రికి ఎంతసేపు పడుతుంది? ఎండాకాలం ఎంత, ఆగస్టులో ఎంత? 108కి ఫోన్ చేస్తే వస్తుంది, కాదనను. గట్టు దాకా వస్తుంది.

జిల్లా సరిహద్దు చూసి ఆగిపోకు. కనకాయలంక కాగితాల్లో పశ్చిమ గోదావరి. వాళ్ళ దారి మాత్రం మన చాకలిపాలెం కాజ్‌వే, అంటే పాయ మీద వేసిన ఎత్తు తక్కువ రోడ్డు, మీదుగా. ప్రతి వరదకీ అది మునుగుతుంది. అక్కడి గర్భిణి నీ లిస్టులో ఉందా, భీమవరం వాళ్ళ లిస్టులో ఉందా? రెంట్లోనూ ఉంటే నష్టం లేదు. దేంట్లోనూ లేకపోవడమే నా భయం.

వరద ప్లాను ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసి రాయకు. అక్కడ 11.75 అడుగులకి, 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. చాలాసార్లు అప్పటికే మా కాజ్‌వేలు నీళ్ళలో ఉంటాయి. ఎగువన భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు అని టీవీలో వినగానే నీ పని మొదలవ్వాలి. ఆ నీళ్ళు మనదాకా రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, నీకున్నది ఆ ఒక్క రోజే. నెలలోపు కాన్పు ఉన్నవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు ఎవరో, ఏ ఇంట్లో ఉన్నారో ఆశా కార్యకర్త దగ్గర కాగితం మీద ఉండాలి. వరదలో సెల్ టవర్లు పనిచేయవు, నీ యాప్ తెరుచుకోదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారం ఎవరెవరు ఎక్కడ ఇరుక్కున్నారో ఆశాలకి ఇప్పటికీ గుర్తుంది. కూర్చోబెట్టి టీ ఇచ్చి అడుగు, ప్లాన్లో సగం వాళ్ళే చెప్పేస్తారు.

బ్లీచింగు జనవరిలో కొనిపెట్టి గోడౌన్లో పడెయ్యకు. తేమకి బలం పోతుంది, వరద దిగాక చల్లితే సున్నం చల్లినట్టే. మొదటి వానలకి ముందు కొనిపించు. బావికి, ట్యాంకుకి వేశాక అరగంట ఆగి, కుళాయి నీళ్ళు ట్యూబులో పట్టి క్లోరిన్ ఉందో లేదో చెప్పే మందు చుక్కలు వేసి చూడమను. పసుపు రంగు రాకపోతే ఆ నీళ్ళు తాగొద్దని అక్కడే చెప్పాలి.

ఇంకోటి. మన పల్లెల్లో చాలా ఇళ్ళల్లో తల్లి కువైట్‌లో ఉంటుంది, పిల్లల్ని అమ్మమ్మ పెంచుతుంది. టీకా మెసేజి తల్లి ఫోన్‌కి కువైట్ వెళ్తుంది. అమ్మమ్మకి తెలియదు. పైగా ఆవిడకే బీపీ. పిల్లకి టీకా వేసే రోజే అమ్మమ్మకి బీపీ చూసి మాత్రలిస్తే ఇద్దరూ వస్తారు. బోదకాలు రక్తపరీక్షలకి రాత్రి ఎనిమిది దాటాకే మనుషుల్ని పంపించు, ఆ పురుగు రాత్రిపూటే రక్తంలోకి వస్తుంది. పగలు తీసి రిజిస్టరు నింపేవాళ్ళు నీకూ తగులుతారు. మొహమాటపడకు.

పెద్దాఫీసర్లు మ్యాపు మీద చుక్క పెట్టమంటే వెంటనే కాదనకు, "ఒకసారి చూసొస్తానండీ" అను. నీ నోటి దురుసు నాకు తెలుసు, మీ నాన్న పోలిక. మధ్యాహ్నం అన్నం మానేసి టీలు తాగుతున్నావని కూడా విన్నాను. అది మానుకో.

ఆఖరికి అసలు మాట. నీకు ఈత రాదు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలు ఎక్కిన పడవ బోల్తా పడింది, మర్చిపోయావా? పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడుగు. సిగ్గుపడకు, చీర మీదైనా వేసుకో. లేదంటే పడవ దిగిపో. ఆఫీసరమ్మ దిగిపోయిందంటే మర్నాటికి పడవాయన నాలుగు తెచ్చి పెడతాడు, మిగతావాళ్ళకీ దొరుకుతాయి. మీ నాన్నకి డబ్బు పంపించాను, ఒకటి నీ సొంతానికి కొనిపెట్టమని.

ఇట్లు,
మీ అత్తయ్య