పండగ అయిపోయింది, మళ్లీ లో కార్బ్‌లోకి ఎట్లా?

సంక్రాంతి వెళ్లిన వారంలో వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాదాపు ఒకే గోడు. అన్నం, పిండిపదార్థాలు బాగా తగ్గించి తినే లో కార్బ్ డైట్ ఆపాం, బరువు పెరిగింది, మళ్లీ మొదలుపెట్టాలంటే భయంగా ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. నాకు 38 ఏళ్లు. జూన్ నుంచి అన్నం మానేసి లో కార్బ్ చేస్తున్నా, 84 కిలోల నుంచి 73కి వచ్చాను. పండగకి పాకాల దగ్గర మా అమ్మ వాళ్లూరికి వెళ్లి ఐదు రోజులున్నాం. పొంగలి, ఓళిగలు, అరిసెలు, మురుకులు, కనుమ రోజు సంగటి, నాటుకోడి పులుసు, ఏదీ వదల్లేదు. ఇంటికొచ్చి వెయిట్ మెషిన్ ఎక్కితే 75.6! ఏడుపొచ్చేసింది. ఆరు నెలల కష్టం పోయినట్టేనా? నిన్నటి నుంచి మళ్లీ మొదలుపెట్టా కానీ తలనొప్పి, కాళ్లు పీకుతున్నాయి. రెండు రోజులు ఒట్టి నీళ్ల మీద ఉపవాసం ఉండి పెరిగింది దించేయమంటారా?

జవాబు: లేదమ్మా, కష్టం ఎక్కడికీ పోలేదు. ఉపవాసం కూడా వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ లెక్క ఒక్కసారి అర్థమైతే వచ్చే ఉగాదికి మీకు ఈ ఏడుపు ఉండదు.

ఒక కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే ఖర్చుకి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రెండున్నర కిలోల పైన అంటే ఇరవై వేలు. ఐదు రోజుల్లో అంత చేరాలంటే మీరు మామూలుగా తినే తిండి కాక, రోజూ ఇంకో నాలుగు వేల కేలరీలు పడాలి. ఒక అరిసె రెండు వందల కేలరీలు అనుకున్నా, మూడు పూటల భోజనం చేసి దాని మీద రోజుకి ఇరవై అరిసెలు. మీరు అంత తిన్నారా? తినుండరు.

మరి మెషిన్ చూపించిన బరువేంటి అంటే, ఎక్కువ భాగం నీళ్లు. మనం తిన్న పిండిపదార్థం కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలో, కండల్లో దాచుకుంటుంది ఒళ్లు. పెద్దవాళ్లలో అది మొత్తం నాలుగైదు వందల గ్రాముల దాకా ఉంటుంది, ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. ఆరు నెలలుగా మీ ఒంట్లో ఆ గిడ్డంగి చాలావరకు ఖాళీగా ఉంది. మొదటి ఒకటి రెండు రోజులు పొంగలి, ఓళిగలు తినేసరికి అది నిండింది. 400 గ్రాములు నిండితే దానితో 1,200 గ్రాముల నీళ్లు, అక్కడికే 1.6 కిలోలు. పైన మురుకుల్లో, పులుసులో, ఊరగాయలో ఉన్న ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది, పేగుల్లో ఇంకా కదలని తిండి బరువు ఒకటి. కొవ్వు కొంచెం పెరిగి ఉండొచ్చు, అసలు పెరగలేదని నేను అబద్ధం చెప్పను, కానీ అది మీరు ఏడ్చేంత కాదు.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా. మళ్లీ మొదలుపెట్టిన నాలుగైదు రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు గబగబా దిగుతాయి. అప్పుడు "అబ్బ, ఎంత కొవ్వు కరిగిందో" అనుకోకండి. అవీ ఆ నీళ్లే. అందుకే ఈ వారం మెషిన్ ఎక్కొద్దు. ఏడో రోజు పొద్దున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు ఒక్కసారి చూసుకోండి చాలు.

ఇక తలనొప్పి. ఇది మీకు ఎవరో దిష్టి పెట్టి వచ్చింది కాదు, డైట్ పడక వచ్చిందీ కాదు. పిండిపదార్థం తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు సోడియంను ఎక్కువగా బయటికి పంపుతాయి, దానితో పాటు నీళ్లూ పోతాయి. ఉప్పు పోతే తల పట్టేసినట్టు ఉండడం, పిక్కలు లాగడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చిరాకు. వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ మన ఊళ్లలో పాకినప్పటి నుంచి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లన్న మాట అందరికీ నోటికొచ్చు. మనలో చాలామంది నీళ్ల సంగతి గుర్తుపెట్టుకుని ఉప్పు సంగతి మర్చిపోతాం. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి ఇంకా పెరుగుతుంది.

కాబట్టి పల్చటి మజ్జిగ పెద్ద గ్లాసుడు, అందులో పావు చెంచా ఉప్పు, నలిపిన కరివేపాకు, చిటికెడు జీలకర్ర పొడి. పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. మాంసం తినేవాళ్లయితే ఎముకల చారు ఇంకా బాగా పనిచేస్తుంది. బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి ఉప్పు పెంచొద్దు, మీ డాక్టర్‌ని అడగండి. మూడు నాలుగు రోజుల్లో ఇది సర్దుకుంటుంది.

ఉపవాసం ఎందుకు వద్దంటున్నానంటే నేను చేసి చూశాను. మూడేళ్ల కిందట ఒక పెళ్లికి వెళ్లొచ్చి, ఇదే భయంతో ఒకటిన్నర రోజు నీళ్ల మీదే ఉన్నా. రెండో రోజు సాయంత్రం ఆరున్నరకి వంటింట్లో స్టీలు డబ్బా మూత తీశాను. పెళ్లివాళ్లిచ్చిన కజ్జికాయలు న్యూస్ పేపర్లో చుట్టి ఉన్నాయి, పేపరంతా నూనె మరకలు, కొబ్బరి వాసన గుప్పుమంది. నిలబడే ఐదు తిన్నాను. ఆ రోజు నాకు కావాల్సింది శిక్ష కాదు, కడుపు నిండా కూర. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చిన ఎవరికీ పండగ తర్వాత ఉపవాసం చెప్పలేదు.

మీరు చేయాల్సింది చాలా మామూలు పని. డిసెంబరులో ఏం తిన్నారో అదే తినండి. పొద్దున రెండు మూడు గుడ్లు, ఉల్లిపాయ, పాలకూర వేసి. మధ్యాహ్నం బీరకాయో, సొరకాయో, వంకాయో పెద్ద గిన్నెడు కూర, చికెనో పనీరో, ఒక కప్పు పెరుగు. రాత్రికి చేపల వేపుడు, లేదా పుట్టగొడుగులు. ఆకలేస్తే ఇంకొంచెం తినండి, మొదటి మూడు రోజులు కేలరీలు లెక్క పెట్టొద్దు. బాదం పిండితో కీటో అరిసెలు లాంటివి ఈ వారం చేయకండి. తీపి మీద నాలుక ఇంకా తడిగా ఉన్నప్పుడు దానికి తీపి అందిస్తూ పోతే కోరిక పోనే పోదు.

ఊరి నుంచి తెచ్చుకున్న పిండివంటల డబ్బా ఏదైనా ఉంటే దాని సంగతి ఈ రాత్రే తేల్చేయండి. అమ్మ ప్రేమగా కట్టిచ్చింది పారేయడానికి మనసొప్పదు, పారేయక్కర్లేదు కూడా. పక్కింట్లో, ఆఫీసులో, వీధి చివర చదువుకునే పిల్లల రూముల్లో పంచేయండి. పిల్లల కోసమని ఉంచితే అది పై అరలో, మీ చేతికి అందని చోట ఉండాలి.

మన వైపు ఈ నెలలో ఇంకో పరీక్ష ఉంది, అనపకాయలు. గింజలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పచ్చటి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది, ఆ పితికిపప్పు కూర వాసనకి ఎవరైనా పళ్లెం ముందు కూర్చోవాల్సిందే. తినండి, కానీ అది పప్పే, కూరగాయ కాదు. మాంసంతోనో వంకాయతోనో కలిపి వండిన దాంట్లో చిన్న గరిటెడు. సంగటి పక్కన లేకుండా.

ప్రశ్న: ఒక్కసారి అన్నం తింటే మళ్లీ కీటోసిస్‌లోకి రావడానికి ఎన్ని రోజులు? చంద్రగిరి నుంచి ఒక విద్యార్థి.

జవాబు: సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు, నడక లాంటిది ఉంటే ఇంకాస్త త్వరగా. కీటోసిస్ అంటే పిండిపదార్థం దొరక్క ఒళ్లు కొవ్వుని కాల్చుకుంటూ నడిచే స్థితి. కానీ బాబూ, ఆ మాట చుట్టూ అంత టెన్షన్ పడకు. కీటో డైట్ 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం చెప్పింది. అలాంటి పిల్లలకి ఒక్క పూట తప్పినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. నీది బరువు కోసం చేసేది. ఒక పూట తప్పితే తర్వాతి పూట సరిచేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మేడమ్, చిత్తూరు కట్టమంచి నుంచి రాస్తున్నా. మా నాన్నకి 61 ఏళ్లు, షుగర్. పండగ ముందు లో కార్బ్ ఆపేశారు, షుగర్ పెరిగిందని డాక్టర్ మాత్రలు పెంచారు. ఇప్పుడు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. సోమవారం నుంచి మళ్లీ అన్నం పూర్తిగా మానేస్తా అంటున్నారు. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదని అనలేను. సోమవారం కంటే ముందు డాక్టర్‌కి ఒక ఫోన్ చేయండి, ఇది తప్పనిసరి. పెంచిన మాత్రలు అన్నం తింటున్న షుగర్‌కి లెక్కగట్టి ఇచ్చినవి. అన్నం ఒక్కసారిగా తీసేసి మాత్ర అట్లాగే ఉంచితే గ్లిమెపిరైడ్ షుగర్‌ని బాగా కిందికి లాగేస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ ఇదే భయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ ప్రమాదం చాలా తక్కువ. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం కనిపిస్తే వెంటనే మెషిన్‌లో షుగర్ చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి. డైట్ పాడవుతుందని ఆ చక్కెర ఆపకండి. మనిషి మగతగా ఉండి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండోది ఇంకా ముఖ్యం, చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గించినా, ఉపవాసం ఉన్నా కీటోయాసిడోసిస్ అనే ప్రమాదం రావచ్చు. రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది. మామూలుగా అయితే షుగర్ బాగా పెరిగి హెచ్చరిస్తుంది, ఈ మాత్రల మీద షుగర్ రెండు వందల లోపు ఉన్నా అది రావచ్చు. అందుకే మెషిన్‌లో అంకె చూసి ధైర్యపడొద్దు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి, ఫలానా మాత్ర వాడుతున్నారని మీరే ముందుగా చెప్పండి. ఆ మాత్ర పేరు ఒక చీటీ మీద రాసి నాన్నగారి పర్సులో పెట్టి ఉంచండి.

పండగ నాలుగు రోజుల వల్ల హెచ్‌బీఏ1సీ పాడైపోయిందని ఆయన దిగులు పడుతుంటే, అది సుమారు మూడు నెలల సగటు అని చెప్పండి. ఈ నాలుగు రోజులు దాన్ని పెద్దగా కదిలించవు.

ప్రశ్న: రాగి సంగటి షుగర్‌కి మంచిదంటారు, మరి లో కార్బ్‌లో ఎందుకు వద్దంటారు? పలమనేరు నుంచి ఒక రైతు.

జవాబు: అన్నా, రెండూ నిజమే. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, బియ్యంలో 78. తేడా అంతే. పీచు ఎక్కువ, కాల్షియం 340 మిల్లీగ్రాముల పైన, ఆ విషయంలో బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. కానీ మన సంగట్లో నూకలూ పడతాయి కదా. పిండి, నూకలు కలిపి 70 గ్రాములు పడిన ముద్దలో దాదాపు 50 గ్రాముల కార్బ్ ఉంటుంది. రోజుకి 50లోపు తినేవాళ్లకి ఒక్క ముద్దతో ఆ రోజు కోటా అయిపోయింది. 100, 120 దాకా తినేవాళ్లయితే మధ్యాహ్నం అర ముద్ద, చెనిక్కాయల (వేరుశనగ) ఊరిమిండి పచ్చడి, ఆకుకూర పెట్టుకుని తినొచ్చు. పొలం పని చేసే మనిషికి నేనైతే ఆ రెండో పద్ధతే చెప్తాను. సంగటి మీద బెంగ పెట్టుకుని చేసే డైట్ పలమనేరులో నెల కూడా నిలవదు.

ప్రశ్న: అక్కా, తిరుపతి ఎం.ఆర్.పల్లి. సోమవారం మళ్లీ లో కార్బ్ మొదలుపెడుతున్నా. బుధవారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కు. ఎక్కగలనా? లడ్డూ తినొచ్చా?

జవాబు: మూడో రోజు ఎక్కొద్దు. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక, గాలిగోపురం చేరేదాకా ఎక్కుడే ఎక్కుడు. ఉప్పు, నీళ్లు ఒంట్లోంచి ఎక్కువగా పోయే రోజుల్లో సరిగ్గా ఆ చెమట తోడైతే దారిలోనే కళ్లు తిరుగుతాయి. మొక్కు ముందు తీర్చుకోండి, డైట్ గురువారం మొదలుపెట్టండి, మూడు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు. ఇప్పటికే మొదలుపెట్టేసి ఉంటే రెండు సీసాల్లో ఉప్పు వేసిన మజ్జిగ తీసుకెళ్లండి, తెల్లవారుజామునే బయల్దేరండి, బీపీ మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి.

కొండ మీద ఇచ్చే మామూలు లడ్డూ సుమారు 175 గ్రాములు ఉంటుంది, అందులో దాదాపు సగం చక్కెరే. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోండి, మిగతాది ఇంటికి తెచ్చి వీధంతా పంచండి. మన ఊళ్లో ఎప్పుడూ చేసే పనే అది. దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి, మోకాళ్ల నొప్పులున్నాయని ఉత్తరం చివర్లో రాశారు కదా.