నల్ల బీరు, బెల్లం తీపి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇంపీరియల్ స్టౌట్ గురించే, అంటే చిక్కగా, బాగా ఘాటుగా ఉండే నల్ల బీరు గురించే ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలో, శంషాబాద్‌లో దిగే స్నేహితులో ఒకటి రెండు సీసాలు తేవడం, వాటిని ఎలా తాగాలో తెలియక మామూలు బీరులా గడగడా తాగేసి ఇబ్బంది పడటం, అందరిదీ దాదాపు ఇదే కథ. నాకు చాలా ఇష్టమైన బీరు కాబట్టి ఈసారి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: మా బావమరిది డాలస్ నుంచి రెండు ఇంపీరియల్ స్టౌట్ సీసాలు తెచ్చాడండి. ఒక్కోటి 355 మి.లీ., లేబుల్ మీద ఆల్కహాల్ 10 శాతం అని ఉంది. ఒకటి ఫ్రీజర్‌లో పెట్టి బాగా చల్లగా తాగాను. మాడిన కాఫీలా చేదుగా ఉంది, వాళ్ళు చెప్పే చాక్లెట్ తీపి ఎక్కడా తగల్లేదు, పైగా అరగంటకే తల దిమ్మెక్కింది. రెండో సీసా ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: రెండో సీసా పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. మీరు తాగింది మంచి బీరే అయ్యుంటుంది, చలి దాని రుచినంతా కట్టేసింది. నాలుక మొద్దుబారేంత చల్లగా ఉంటే తీపి తెలియదు, వాసన పైకి లేవదు, ఇక మిగిలేది చేదు ఒక్కటే. లైట్ లాగర్‌కి, అంటే మనకి మామూలుగా దొరికే పల్చటి పసుపు బీరుకి చలి బాగుంటుంది, ఎండలో తిరిగొచ్చినప్పుడు మనం దాన్ని తాగేదే చల్లదనం కోసం. దీనికి మాత్రం 10 నుంచి 13 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి చలికాలంలో అయితే తాగడానికి 40 నిమిషాల ముందు సీసా బయట పెట్టండి, మే నెలలో మన హైదరాబాద్ వేడికి 15, 20 నిమిషాలు చాలు.

పెద్ద మగ్గు వద్దు. నోరు కాస్త లోపలికి వంగిన చిన్న గ్లాసు, బ్రాందీ గ్లాసు లాంటిది ఉంటే అందులో సగం కూడా నింపకుండా పోయండి. పోసేటప్పుడే తేడా కనిపిస్తుంది, ఇంజన్ ఆయిల్‌లా చిక్కగా, మెల్లగా జారుతుంది. నురగ తెల్లగా ఉండదు, ఇరానీ చాయ్ రంగులో లేచి కాసేపటికే అణిగిపోతుంది. గ్లాసు కొంచెం తిప్పితే అంచుల మీద గోధుమరంగు చారలు నిలబడతాయి. ముందు వాసన చూడండి: ఫిల్టర్ కాఫీ డికాషన్, కోకో, కొంచెం కాలిన కొబ్బరి చిప్ప. తర్వాత చిన్న గుక్క, మింగే ముందు నోట్లో కాసేపు ఆపండి. మొదట కాఫీ చేదే వస్తుంది. మింగాక గొంతులో ఒక వెచ్చదనం దిగుతుంది, దాని వెనకే తీపి. అదే గ్లాసు పదిహేను నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ తాగితే ఖర్జూరం, ఎండు ద్రాక్ష, నాకైతే స్పష్టంగా తాటిబెల్లం పాకం తగులుతుంది. మా అమ్మమ్మ ఇంట్లో అరిసెల పాకం కాస్త ఎక్కువసేపు పొయ్యి మీద ఉండిపోతే వచ్చే ఆ వాసన. మొదటిసారి అది దొరికినప్పుడు నేను మాట్లాడకుండా గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయాను, మలక్‌పేటలో స్నేహితుడి డాబా మీద, డిసెంబర్ రాత్రి, నలుగురం కలిసి ఒకే సీసా పంచుకున్నాం.

తల దిమ్మెక్కడం గురించి. 355 మి.లీ.లో 10 శాతం అంటే 35 మి.లీ. పైన అచ్చమైన ఆల్కహాల్. మన దగ్గర దొరికే విస్కీ 42.8 శాతం ఉంటుంది, ఆ లెక్కన మీ చిన్న సీసా దాదాపు మూడు 30 మి.లీ. పెగ్గులకు సమానం. 5 శాతం ఉండే 650 మి.లీ. పెద్ద బీరు సీసాలో కూడా అంత ఉండదు. తీపి ఉండటం వల్ల ఘాటు నాలుకకు తెలియదు, అందుకే చాలామంది మోసపోతారు. రెండో సీసా ఇద్దరో ముగ్గురో పంచుకుని, పక్కన మంచినీళ్ళు పెట్టుకుని గంటన్నర సేపు తాగండి. బండి మాత్రం తీయొద్దు. మన చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే, మీరు చెప్పిన సీసా ఒక్కరే తాగితే ఆ గీత దాటిపోయే అవకాశమే ఎక్కువ. క్యాబ్ పిలవండి.

ప్రశ్న: ఎంత నల్లగా ఉంటే అంత స్ట్రాంగ్ అని మా ఆఫీసులో అందరూ అంటారు. నిజమేనా? అసలు బీరు తియ్యగా ఎలా ఉంటుంది, చక్కెర కలుపుతారా? (పాఠకురాలు, గచ్చిబౌలి)

జవాబు: రంగుకీ బలానికీ సంబంధం లేదండీ. గిన్నిస్ డ్రాఫ్ట్ అనే స్టౌట్ చూడటానికి నల్లగానే ఉంటుంది, అందులో ఆల్కహాల్ 4.2 శాతం దగ్గరే. మన వైన్‌షాపుల్లో పసుపు రంగులో దొరికే స్ట్రాంగ్ బీరు దానికి దాదాపు రెండింతలు ఘాటు. నలుపు వచ్చేది బాగా మాడేదాకా వేయించిన బార్లీ వల్ల. కాఫీ గింజలను వేయించినట్టే వేయిస్తారు, అందుకే ఆ కాఫీ వాసన, చాలా స్టౌట్లలో కాఫీ గింజ ఒక్కటి కూడా పడదు. అలా వేయించింది మొత్తం ధాన్యంలో కొంచెమే ఉంటుంది, ఎక్కువ భాగం మామూలు లేత రంగు మాల్టే, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. బార్లీని ఒక డ్రమ్ములో తిప్పుతూ బొగ్గవ్వకుండా నల్లగా వేయించే పద్ధతికి డేనియల్ వీలర్ అనే ఆయన 1817లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు, ఈ రోజు మనం చూసే నలుపుకి మూలం అదే.

తీపి సంగతి. ఇంపీరియల్ స్టౌట్‌కి మాల్ట్ చాలా ఎక్కువ వేస్తారు. వేడినీళ్ళలో నానబెడితే దానిలోని పిండి పదార్థం చక్కెరలుగా మారుతుంది, ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, ఆ చక్కెరలు తిని ఆల్కహాల్ చేస్తుంది. కానీ అన్ని రకాల చక్కెరలనూ అది తినలేదు. మాల్ట్ ఎంత ఎక్కువైతే తినకుండా మిగిలేది అంత ఎక్కువ, ఆ మిగిలిందే మీ నాలుక మీద చిక్కదనం, తీపి. కొందరు దీనికి తోడు లాక్టోజ్, అంటే పాల చక్కెర కలుపుతారు, బీరు ఈస్ట్ దాన్ని ముట్టుకోదు కాబట్టి ఆ తీపి అలాగే నిలిచిపోతుంది. డిజర్ట్‌లా ఉండే ‘పేస్ట్రీ స్టౌట్’లు చాలావరకు ఇలాంటివే. పాలు పడనివాళ్ళు లేబుల్ చూసి తీరాలి. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోవద్దని నా మాట.

నా అభిప్రాయం అడిగితే, వెనీలా, మార్ష్‌మెల్లో అని ఎడాపెడా కలిపిన వాటికన్నా ఒట్టి మాల్ట్‌తో వచ్చిన తీపే గొప్పది. అందులో చేదు పక్కనే ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబెడతాయి. చేదు లేని తీపి మూడో గుక్కకే మొహం మొత్తుతుంది.

ప్రశ్న: ‘ఇంపీరియల్’ అని ఎందుకంటారు? (పాఠకుడు, నల్లకుంట)

జవాబు: రష్యా రాజదర్బారు వల్ల. 18వ శతాబ్దంలో లండన్‌లోని సదర్క్‌లో థ్రేల్ కుటుంబం బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కార్ఖానా ఉండేది, అక్కడి నల్ల బీరు ఓడల్లో రష్యాకి వెళ్ళేది. ఆ బ్రూవరీని 1781లో బార్క్లే కుటుంబం వాళ్ళు కొన్నాక అదే బార్క్లే పెర్కిన్స్ అయింది. జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు 1796లో తన డైరీలో ఈ బీరు తాగానని, రష్యా మహారాణి కోసం ప్రత్యేకంగా చేసిందని తనకు చెప్పారని రాసుకున్నాడు. ఆ మహారాణి కాథరిన్. ఇప్పుడు రష్యాతో సంబంధం లేకపోయినా ఘాటైన ఏ బీరుకైనా ముందు ఇంపీరియల్ తగిలిస్తున్నారు.

ప్రశ్న: బిర్యానీతో తాగితే ఎలా ఉంటుంది భయ్యా? (టోలిచౌకి నుంచి)

జవాబు: వద్దు భయ్యా. ఆల్కహాల్ ఎక్కువ ఉన్నది తాగితే మిర్చి మంట ఇంకా పెరుగుతుంది, మసాలా ముందు ఈ బీరులోని సన్నని రుచులన్నీ కొట్టుకుపోతాయి, అటు బిర్యానీకీ ఇటు బీరుకీ అన్యాయం. భోజనం అయ్యాక తాగాల్సింది ఇది. ఖుబానీ కా మీఠాతో ప్రయత్నించాను, తీపి మీద తీపి, రెండు చెంచాలకే చాలనిపించింది. అన్నిటికన్నా బాగా కుదిరింది ఉస్మానియా బిస్కెట్. ఆ బిస్కెట్‌లో ఉండే కొంచెం ఉప్పు, వెన్న ఈ బీరు తీపిని అదుపులో పెడతాయి, కొరికి ఒక గుక్క తాగితే చాయ్‌లో ముంచుకుని తిన్న తృప్తి. ఉప్పు వేసి వేయించిన పల్లీలు, జీడిపప్పు కూడా బాగుంటాయి. కారం తగ్గించి బొగ్గుల మీద కాల్చిన షీక్ కబాబ్ అయితే ఆ మాడు ఈ మాడుతో చక్కగా కలిసిపోతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో దొరుకుతుందా? జూబ్లీహిల్స్‌లో ఒక చోట స్టౌట్ తాగాం కానీ పల్చగా ఉంది. (ఇద్దరు మిత్రులు, ఎస్సార్ నగర్)

జవాబు: మన మైక్రోబ్రూవరీల్లో, అంటే అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్ల, స్టౌట్ అని దొరికేది ఎక్కువగా మామూలు బలం ఉన్నదే, దాన్ని తప్పుపట్టక్కర్లేదు, అదొక వేరే రకం. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం స్ట్రాంగ్ బీరు అంటే 5 శాతం పైన 8 శాతం వరకు. అసలైన ఇంపీరియల్ స్టౌట్ 8 నుంచి 12 మధ్య ఉంటుంది కాబట్టి షాపుల్లో కనబడటం కష్టం. విదేశాల నుంచి వచ్చేవాళ్ళని అడగడమే దారి, ఒక్కొక్కరు డ్యూటీ లేకుండా తేగలిగేది బీరు, విస్కీ, వైన్ అన్నీ కలిపి 2 లీటర్లే అని గుర్తుపెట్టుకోండి. ఒకసారి నగరంలో ఒక పబ్బులో ఘాటైన స్టౌట్ ఉందంటే ఆశగా వెళ్ళాను, ఐస్ గడ్డకట్టిన మగ్గులో పోసి తెచ్చారు. వేరే గ్లాసు ఇమ్మంటే ‘బీరు ఇలాగే ఇస్తాం సార్’ అన్నారు. మగ్గు చుట్టూ చేతులు పెట్టి వేడెక్కే దాకా కూర్చున్నాను. ఇష్టంగా తయారుచేసిన బీరుని చివరి నిమిషంలో అలా చంపేస్తే నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్ళు. మా ఇంట్లో ఉన్న సీసాలోంచి ఒక్క గుక్క రుచి చూపించొచ్చా? (పాఠకుడు, ఉప్పల్)

జవాబు: వద్దు. తెలంగాణలో 21 నిండాలి. ఈ బీరు రెండేళ్ళు ఆగినా ఏమీ కాదు, కింది జవాబు చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి చికాగో నుంచి పంపిన సీసా మీద ‘బోర్బన్ బ్యారెల్’ అని ఉంది. వచ్చే సంక్రాంతికి పిల్లలందరూ వస్తారు, అప్పటిదాకా దాచొచ్చా? (రిటైర్డ్ ఉద్యోగి, సైనిక్‌పురి)

జవాబు: హాయిగా దాచండి సార్. బోర్బన్ విస్కీకి అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి, ఒకసారి వాడినదాన్ని మళ్ళీ బోర్బన్‌కి వాడకూడదు. ఆ ఖాళీ పీపాల్లో స్టౌట్ పోసి నెలల తరబడి ఉంచుతారు, చెక్కలోంచి వెనీలా, కొబ్బరి వాసన, విస్కీ ఘాటు దిగుతాయి. ఇలాంటివి ఏడాది రెండేళ్ళు ఆగితే మెత్తబడతాయి.

ఒక్కటే భయం, మన ఎండాకాలం. వంటింటి అటకమీద పెడితే మే నెల వేడికి తడి అట్టముక్క రుచి వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో అడుగున, పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి, అడుగున మడ్డి ఏమైనా ఉంటే అక్కడే పేరుకుంటుంది. వెలుతురు తగలకుండా పేపర్ చుట్టండి. భోగి రోజు రాత్రి భోజనాలయ్యాక బయటికి తీసి, పెద్దవాళ్ళందరికీ చిన్న గ్లాసుల్లో తలా కొంచెం పోయండి. అడుగున వేలెడంత వదిలేయండి, ఆ మడ్డి గ్లాసులోకి రాకూడదు.