బరంపురం నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి కొత్తగా వచ్చే పిల్లలు ముందు అడిగేది ఇదే: హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు, ఆ దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి ఆ లెక్క మనకెందుకూ పనికిరాదు. దుబాయ్ మీదుగా అయితే మొదటి విమానం 2,550, రెండోది 12,900 కిలోమీటర్లకు పైనే. గాల్లో ఉండేది మొదట నాలుగు గంటలు, తర్వాత పదహారు. తిరిగి వచ్చేటప్పుడు పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి తోస్తుంది కాబట్టి ఈ పెద్ద ప్రయాణం గంటకు పైగానే తగ్గుతుంది.

టికెట్ మీద టైములన్నీ ఆయా ఊళ్ల టైములే. చలికాలంలో తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారని రాసి ఉంటే, పన్నెండు గంటలే కదా అని ఇంట్లో వాళ్లు సంబరపడతారు. డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, అంటే అసలు పట్టేది ఇరవై మూడున్నర. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఆ తేడా పదిన్నరే.

నా దృష్టిలో అసలు టెన్షన్ అంతా హైదరాబాద్ చేరేలోపే. బరంపురం వాళ్లకు భువనేశ్వర్ దగ్గర, 170 కిలోమీటర్లు. విశాఖ రైల్లో 280 దాకా ఉంటుంది. పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు విశాఖే నయం. ఎక్కడ ఎక్కినా డాలస్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద బుక్ చేయండి, రెండు వేలు ఎక్కువైనా సరే. విడిగా కొంటే దేశంలో తిరిగే విమానంలో మామూలుగా 15 కిలోలే, మీ దగ్గరేమో 23 కిలోల పెట్టెలు రెండు! పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు.

అక్టోబరులో బయల్దేరేవాళ్లు ఒక రోజు ముందే హైదరాబాద్ చేరిపోండి. ఫైలిన్ 2013లో గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018లో పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరులోనే. మధ్యలో 2014 హుద్‌హుద్‌కి విశాఖ విమానాశ్రయమే దెబ్బతింది. తుఫాను వస్తుందంటే రైళ్లు ఆపేస్తారు, అప్పుడు కారు దొరికినా హైవే ఖాళీగా ఉంటుందన్న నమ్మకం లేదు.

డాలస్ నుంచి ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో మళ్లీ విమానం ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు పెట్టుకోండి. ఇమిగ్రేషన్ లైను అయ్యాక పెట్టెలు మీరే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఊరగాయ సీసాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి.